సర్టిఫికెట్ ఇవ్వని కాలేజీ

జైపూర్ నుంచి అజ్మీర్ పోయే రైళ్లలో పేరున్నవి తిలోనియాలో ఆగవు. ప్యాసింజర్ బండి ఎక్కాలి. ఫులేరా జంక్షన్ దాటాక నేల పాలిపోతుంది. సాంభర్ ఉప్పు సరస్సు ఆ చుట్టుపక్కలే. తర్వాత పచ్చగా పూసిన ఆవచేలు, మధ్యమధ్య మన జమ్మి చెట్లు. వాటిని అక్కడ ఖేజ్డీ అంటారు, ఏటా కొమ్మలు కొట్టి మేకలకు వేస్తారు. 2019 జనవరి. పొద్దెక్కినా ఎవరూ కంబళ్లు తీయని చలి. ఎదుటి సీట్లో కిషన్‌గఢ్‌లో పాలరాయి కోసే మిషను మీద పనిచేసే కుర్రాడు కూర్చున్నాడు. తిలోనియాలో ఏం పని అని అడిగాడు. అక్కడి కాలేజీ చూద్దామని అన్నాను.

"అది కాలేజీ ఏంటి సాబ్, ముసలమ్మలు చదువుకునే చోటు" అన్నాడు. వెక్కిరింపుగా కాదు, మామూలుగానే. అంతలోనే తన మేనత్తకు అక్కడ పని దొరికిందని కూడా చెప్పాడు.

రిటైరయ్యేదాకా నేను ఒక ఐటీఐలో ఎలక్ట్రానిక్స్ మెకానిక్ ట్రేడ్ చెప్పాను. ప్రాక్టికల్ రికార్డుల మీద సంతకాలు, ట్రేడ్ టెస్టులు, జాతీయ సర్టిఫికెట్ కోసం పిల్లల తల్లిదండ్రులు ఆఫీసు వరండాలో పడే పడిగాపులు, ఇవన్నీ తెలిసినవే. అందుకే అక్షరం రాని ఆడవాళ్లకు ఆరు నెలల్లో ఛార్జ్ కంట్రోలర్ బిగించడం నేర్పుతున్నారని మొదటిసారి విన్నప్పుడు నమ్మలేదు. ఇలాంటి కబుర్లు పేపర్లలో బాగుంటాయి గానీ వర్క్‌షాపులో బెంచీ దగ్గర నిలబడవని నా అనుభవం.

బేర్‌ఫుట్ కాలేజీ అసలు పేరు సోషల్ వర్క్ అండ్ రీసెర్చ్ సెంటర్. 1972లో సంజిత్ రాయ్ పెట్టారు. అందరూ ఆయన్ను బంకర్ రాయ్ అంటారు. డూన్ స్కూలు, ఢిల్లీ సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ, దేశంలో స్క్వాష్ ఛాంపియన్. అలాంటి చదువు చదివినవాళ్లు ఆ రోజుల్లో విదేశాంగ శాఖకో పెద్ద కంపెనీకో వెళ్లేవారు. ఆయన 1960ల మధ్యలో బీహార్ కరువు చూసి వచ్చి, అజ్మీర్ జిల్లా పల్లెల్లో బావులు తవ్వే కూలీలతో కొన్నేళ్లు పనిచేశారు. తిలోనియాలో ఖాళీగా పడివున్న ఒక క్షయ శానిటోరియాన్ని ప్రభుత్వం నుంచి నెలకు రూపాయి అద్దెకు తీసుకుని సంస్థ మొదలుపెట్టారు. మొదట్లో పట్నం నుంచి డాక్టర్లు, ఇంజినీర్లు, అకౌంటెంట్లు వచ్చారు. చాలామంది నిలవలేదు. వాళ్ల పనులను ఊరివాళ్లకే నేర్పితే పోతుంది కదా అన్న ఆలోచన అలా పుట్టింది. అవసరం కొద్దీ వచ్చిన ఆలోచన, సిద్ధాంతం ఆ తర్వాత వచ్చి చేరింది. నాకైతే అందువల్లే దాని మీద గౌరవం ఎక్కువ.

పాత క్యాంపస్‌లో ఇప్పటికీ పని నడుస్తోంది. కొత్తది 1986 నుంచి 89 దాకా కట్టారు. రాతిగోడలు, నడుమ ముంగిళ్లు, పాత ఇనుప ముక్కలు బిగించి చేసిన గుండ్రటి జియోడెసిక్ డోములు. ఇంటికప్పుకు కలప దొరకని ఎడారి అంచున ఇనుము చవక. కప్పుల మీద పడ్డ వాన చుక్క వృథా పోదు. ఆరుబయట నాటకాల వేదిక కింద 4 లక్షల లీటర్ల తొట్టి ఉంది, నీళ్లన్నీ అందులోకి చేరతాయి. కప్పు కారకుండా స్థానిక స్త్రీలు పూసిన పూతలో బెల్లం కలుస్తుందట. మిగతా పాళ్లు అడిగితే నవ్వి ఊరుకుంటారు.

నేను చూడదలచింది మాత్రం సోలార్ వర్క్‌షాపు. పొడుగాటి గది. బల్లల చుట్టూ ముప్ఫై అయిదు దాటిన స్త్రీలు, ఒక్కో బల్ల దగ్గర రెండు మూడు దేశాలవాళ్లు. తలకు రంగురంగుల గుడ్డలు, ఒంటి మీద స్వెటర్లు. ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లకు రాజస్థాన్ చలి కొత్త. ఒకరి మాట ఒకరికి రాదు. నేర్పేవాళ్లకు హిందీ, మార్వాడీ తప్ప మరో భాష రాదు. వాళ్లలోనూ బడి మెట్లెక్కని వాళ్లున్నారు. పోనీ దుబాసీ ఉన్నారా అంటే ఆ గదిలో ఎవరూ కనిపించలేదు.

నేర్పే ఆవిడ ఒక రెసిస్టర్‌ను రెండు వేళ్లతో ఎత్తి పట్టుకుంది. గోడ మీద అదే రెసిస్టర్ పెద్ద బొమ్మ, గోధుమరంగు, నలుపు, ఎరుపు చారలతో. ఆవిడ చార మీద చార చూపించింది, బల్ల చుట్టూ ఉన్నవాళ్లు తమ ముందున్న కుప్పలోంచి అలాంటిదే ఏరి పైకెత్తారు. తప్పెత్తినావిడ చేతిని పక్కావిడ నెమ్మదిగా కిందికి దించింది. మళ్లీ వెతికి సరైనది ఎత్తింది. పాఠం అంతే.

ఎలక్ట్రానిక్స్ చదివిన ఎవరినైనా అడగండి, రెసిస్టర్ రంగుల వరుస ఎలా గుర్తుపెట్టుకున్నారని. బి.బి. రాయ్ ఆఫ్ గ్రేట్ బ్రిటన్ హ్యాడ్ ఎ వెరీ గుడ్ వైఫ్ అని గడగడా అప్పజెబుతారు. నేనూ అలాగే నేర్చుకున్నాను, అలాగే నేర్పాను. తెలుగు మీడియంలో పదో తరగతి దాటి వచ్చిన పిల్లవాడికి ముందు ఆ ఇంగ్లీషు వాక్యం బట్టీ పట్టించి, అందులోంచి మొదటి అక్షరాలు ఏరించి, ఆ అక్షరాల్లోంచి రంగుల పేర్లు, వాటిలోంచి అంకెలు రాబట్టేవాళ్లం. చూసిన రంగును రంగుగా గుర్తుపట్టడానికి ఇన్ని మజిలీలు ఎందుకో ఏనాడూ ఆలోచించలేదు. జీవితమంతా బి.బి. రాయ్‌ను పలవరించిన నాకు, నిజమైన బి. రాయ్ పెట్టిన చోట ఆ వాక్యంతో పనే లేదని తెలిసింది.

మధ్యాహ్నం దాకా ఒక బల్ల దగ్గరే కూర్చున్నాను. మలావీ నుంచి వచ్చినావిడ ఛార్జ్ కంట్రోలర్ బోర్డు మీద సోల్డరింగ్ చేస్తోంది. బ్యాటరీ నిండాక ప్యానెల్ నుంచి కరెంటు ఆపడం, బ్యాటరీ మరీ దిగిపోకముందే దీపాన్ని ఆపడం ఆ బోర్డు పని. ఇళ్లలో పెట్టిన సోలార్ సెట్లు చెడితే ముందు చూడాల్సింది బ్యాటరీని, తర్వాత దీన్ని. ఆవిడ సోల్డరింగ్ ఐరన్ మొన ముందు విడిభాగం కాలు మీద ఆనించి, వేడెక్కాక తీగ తగిలించింది. సీసం నిగనిగలాడుతూ పాకింది. పొడిబారి బూడిదరంగులో గడ్డకట్టిన అతుకును మా వాళ్లు డ్రై సోల్డర్ అంటారు. రెండేళ్లు చదివిన పిల్లల బోర్డుల్లో కూడా నేను రోజూ చూసిందే. ఆవిడ బోర్డు తిప్పి వెతికాను. ఒకటి దొరికింది. చెప్పేలోపే మల్టీమీటర్ బజర్ మీద పెట్టి రెండు మొనలూ ఆనించింది. కూయలేదు. ఐరన్ మళ్లీ తీసి అతికింది, ఈసారి కూసింది. నా వంక చూసి నవ్వింది. ఆ కూతకు తర్జుమా అక్కర్లేదు.

ఇందులో అద్భుతమేమీ లేదని ఒక ఇన్‌స్ట్రక్టర్‌గా చెప్పగలను. ఛార్జ్ కంట్రోలర్, ఎల్ఈడీ లాంతరు, చిన్న ఇన్వర్టర్, ప్యానెల్ బిగింపు, బ్యాటరీ సంరక్షణ. ఈ కొన్నింటినే ఆరు నెలలపాటు రోజంతా చేయిస్తే ఎవరికైనా చేతికి వస్తాయి. ఓమ్ సూత్రం వాళ్లకు తెలియదు. కొత్త సర్క్యూట్ గీయమంటే గీయలేరు. కానీ మన పల్లెల్లో మోటార్లు చుట్టేవాళ్లలో, టీవీలు బాగుచేసినవాళ్లలో ఎందరికి తెలుసు? చెడినదాన్ని కనిపెట్టి, ఆ ముక్క తీసి, కొత్తది పెట్టి, వెలిగించి చూపించడం, అడవిలోని ఊరికి అదే కావాలి. ఇక్కడ గొప్పతనం సిలబస్‌ది కాదు. కొత్తదనమంతా ఎవరిని బెంచీ దగ్గరికి తీసుకొచ్చారన్న దాంట్లో ఉంది.

మగవాళ్లను ఎందుకు తీసుకోరో సంస్థవాళ్లు మొహమాటం లేకుండా చెబుతారు. కుర్రాడికి పని నేర్పితే మొదట సర్టిఫికెట్ అడుగుతాడు. అది చేతికొచ్చాక ఊళ్లో ఉండడు, పట్నం పోతాడు. నాయనమ్మ వయసు స్త్రీ ఎక్కడికీ పోదు. ఆమె పిల్లలు, మనవలు, మేకలు అన్నీ అక్కడే. నేర్పిన పని ఊళ్లోనే ఉంటుంది. అందుకే ఇక్కడ ఎవరికీ సర్టిఫికెట్ ఇవ్వరు. వినడానికి కొంచెం మొరటుగానే ఉంది. మగవాళ్ల మీద ఇంత నమ్మకం లేకపోవడం నాకు నచ్చలేదు. నా దగ్గర నేర్చుకుని ఊళ్లోనే దుకాణం పెట్టుకున్న కుర్రాళ్ల పేర్లు ఎన్నో చెప్పగలను. కానీ వాళ్లకంటే బాలానగర్‌కూ జీడిమెట్లకూ, అక్కణ్నుంచి గల్ఫ్‌కూ వెళ్లినవాళ్ల జాబితా పొడుగన్నది కూడా నిజమే. వాళ్లు పోవడం తప్పు కాదు. అది వాళ్ల బతుకుదెరువు. ఊరికి దీపం కావాలంటే మాత్రం మరో మనిషిని వెతకాలి.

ఎంపిక ఊళ్లోనే జరుగుతుంది. ముందు ఒక కమిటీ వేసుకోవాలి. కిరోసిన్‌కూ కొవ్వొత్తులకూ టార్చి సెల్లులకూ ప్రతి ఇల్లూ నెలకు ఎంత ఖర్చు పెడుతోందో లెక్క వేసి, దాదాపు అంత మొత్తం నెలనెలా కట్టడానికి ఊరు ఒప్పుకోవాలి. తర్వాత ఆ కమిటీయే ఇద్దరు స్త్రీలను పంపుతుంది. వచ్చిన డబ్బులోంచే వాళ్లకు జీతం, విడిభాగాల ఖర్చు. అంటే ఆమెకు పని ఇచ్చేది, జీతం ఇచ్చేది, దీపం వెలగకపోతే నిలదీసేది ఆ ఊరే. మా ఐటీఐలో పిల్లవాడికి పని వచ్చిందో లేదో తేల్చేది ఎక్కడినుంచో వచ్చిన ప్రశ్నపత్రం. ఇక్కడ ఎదురింటావిడ తేలుస్తుంది.

బయటి దేశాల నుంచి మొదట వచ్చినవాళ్లు అఫ్ఘాన్ స్త్రీలు. 2008 నుంచి భారత విదేశాంగ శాఖ తన ఐటెక్ సహకార పథకం కింద విమాన టికెట్లూ శిక్షణ ఖర్చులూ భరిస్తూ వచ్చింది. అప్పటి నుంచి ఆఫ్రికా, పసిఫిక్ దీవులు, లాటిన్ అమెరికా పల్లెల నుంచి ఏడాదికి రెండు విడతలుగా వచ్చేవారు. 2016లో ప్రధాని మోదీ టాంజానియా వెళ్లినప్పుడు ఇక్కడ నేర్చుకుని వెళ్లిన స్త్రీలు, 'సోలార్ మామా'లు, ఆయన్ను కలిసి తాము చేసిన దీపాలు చూపించారు. దౌత్యానికి ఇంత చవకైన, ఇంత వెలుగున్న కానుక మరొకటి ఉంటుందనుకోను.

ఇంట్లోంచి బయటికి రావడమే వీళ్లలో చాలామందికి మొదటి పరీక్ష. జోర్డాన్ ఎడారిలోని ఒక గుడారాల ఊరి నుంచి వచ్చిన రఫేయా కథను 'సోలార్ మామాస్' అనే డాక్యుమెంటరీ 2012లో చూపించింది. నలుగురు ఆడపిల్లల తల్లి. ఆమె ఇక్కడ పని నేర్చుకుంటుండగా భర్త అక్కడి నుంచి విడాకులిస్తానని బెదిరించి వెనక్కి రప్పించుకున్నాడు. వెళ్లింది, పోట్లాడింది, మళ్లీ వచ్చి శిక్షణ పూర్తిచేసింది. ఈ సినిమా చూసినవాళ్లు కన్నీళ్లు పెట్టుకుంటారు. నేను మాత్రం ఆమె రెండోసారి వచ్చాక తప్పిపోయిన పాఠాలు ఎలా అందుకుందో చూడాలనుకున్నాను. మాస్టరు బుద్ధి ఎక్కడికి పోతుంది!

ఒక పూట వంటశాల దగ్గర గడిచింది. అక్కడ పెద్ద అద్దాల పళ్లెం లాంటి షెఫ్లర్ కుక్కర్లున్నాయి. సూర్యుడితో పాటు పళ్లెం నెమ్మదిగా తిరుగుతుంది, వేడి మాత్రం ఎప్పుడూ ఒకే చోట, గిన్నె అడుగున పడుతుంది. అద్దాలు కోయడం, ఇనుప చట్రం వంచడం, వెల్డింగ్ అన్నీ ఊరి స్త్రీలవే. వెల్డింగ్‌లో నాకు తెలిసిన లోపాల కోసం అక్కడా వెతికాను. మూలల్లో స్లాగ్ కొట్టేయడం కాస్త బద్ధకంగా ఉంది, అతుకులు మాత్రం గట్టివి. భోజనం అందరూ నేల మీద కూర్చునే చేస్తారు, ఎవరి పళ్లెం వాళ్లే కడుక్కుంటారు. సజ్జ రొట్టె, పప్పు, మజ్జిగ. ఆ పక్క గదిలో తోలుబొమ్మలాట బృందం ఉంది. ప్రపంచ బ్యాంకు నివేదికల కాగితాలు నానబెట్టి బొమ్మల తలలు చేస్తారని చెబితే మొదట హాస్యమనుకున్నాను. నిజమే. ఆ నివేదికలకు అంతకంటే మంచి గతి పడుతుందని అనుకోను.

ఇంత చెప్పాక నా సందేహాలు కూడా చెప్పాలి. సౌభాగ్య పథకం 2017లో మొదలయ్యాక రాజస్థాన్ ఇళ్లకు తీగ కరెంటు వేగంగా చేరింది. తీగ వచ్చిన ఊరు నెలనెలా లాంతరు డబ్బు ఎందుకు కడుతుంది? కట్టకపోతే ఆమె జీతం సంగతి? ఆఫ్రికా పల్లెల్లో మరో చిక్కు. బ్యాటరీకి కొన్నేళ్లే ఆయుష్షు, కొత్తది సముద్రం దాటి రావాలి. చేతిలో పని ఉన్నా సంచిలో ముక్క లేకపోతే పని ఏం చేస్తుంది? మన టీవీ మెకానిక్కుల నోట కూడా విన్నదే ఇది. పిక్చర్ ట్యూబులు పోయి ఎల్ఈడీలు వచ్చిన రెండు మూడేళ్లలో ఎందరో దుకాణాలు ఎత్తేశారు. పనితో పాటు ఆ పని అడుగున ఉన్న కాస్త సిద్ధాంతం కూడా నేర్పితే మనిషి ఇంకో పనికి మారగలడు. ఈ విషయంలో నేను మా ఐటీఐ పక్షమే.

చదువుకున్నవాళ్ల పాలు ఏమీ లేదన్న మాట కూడా అన్నిచోట్లా నిలవలేదు. ఈ క్యాంపస్ నిర్మాణానికి 2001లో ఆగాఖాన్ వాస్తు పురస్కారం వచ్చింది. అక్షరం రాని రైతూ ఊరి మేస్త్రీలూ కట్టారన్నది దాని కీర్తి. తర్వాత ఒక శిక్షణ పొందిన ఆర్కిటెక్ట్ రూపకల్పనలో తన వంతు ఉందన్నాడు, వివాదం రేగింది, సంస్థ పురస్కారాన్ని తిరిగి ఇచ్చేసింది. ఎవరి మాట ఎంత నిజమో గోడలు చూసి చెప్పలేం. డిజైన్ కాగితం మీద ఎవరు గీసినా, రాళ్లు ఎత్తి పేర్చి ఇన్నేళ్లు నీళ్లు కారకుండా నిలిపినవాళ్లు ఎవరో మాత్రం అక్కడే తిరుగుతుంటారు, చూడొచ్చు. చదువుకున్నవాడు ఒకడు పక్కనుంటే ఆ ప్రయోగం విలువ తగ్గుతుందని ఎవరు అనుకున్నారో గానీ, నాకు అది అనవసరమైన పంతంలా అనిపించింది.

ఇదే సమయంలో ప్రభుత్వం సొంతంగా సోలార్ పని నేర్పే పథకం నడుపుతూ వచ్చింది. 2015లో మొదలైన సూర్యమిత్ర. 600 గంటలు, దాదాపు మూడు నెలల కోర్సు. మంచి కోర్సే, మా ఎలక్ట్రీషియన్ పిల్లలు కొందరు చేశారు, ఉద్యోగాలూ వచ్చాయి. కానీ అందులో చేరాలంటే పదో తరగతి పాసై ఉండాలి, ఐటీఐ కూడా చేసి ఉండాలి. మలావీ నుంచి వచ్చిన ఆ సోల్డరింగ్ ఆవిడ మన దేశంలో పుట్టి ఉంటే ఆ గదిలోకి అడుగుపెట్టే వీలు లేదు. 2009 నాటి జాతీయ నైపుణ్య విధానం 2022కల్లా 50 కోట్లమందికి శిక్షణ ఇస్తామని రాసుకుంది. అంతమందిని ఎక్కణ్నుంచి తెస్తారని అప్పట్లో మా స్టాఫ్ రూములో నవ్వుకునేవాళ్లం. గుమ్మంలోనే పదో తరగతి అడిగే పద్ధతిలో నిజంగానే దొరకరు.

వెళ్లే ముందు, కూలీల పోరాటం జరిగిన హర్మాడా అనే ఊరు చూడాలనిపించింది. తిలోనియాకు కొద్ది కిలోమీటర్ల దూరం. జీపులో పెట్రోలు కంటే ఎక్కువగా మనుషులున్నారు. 1981లో కరువు పనుల కింద మదన్‌గంజ్ నుంచి ఈ ఊరి దారిలో రోడ్డు వేశారు. చేసిన పనిని కొలిచి, కనీస వేతనం కంటే తక్కువ ఇచ్చారు. కూలీలలో నౌర్తీ అనే దళిత స్త్రీ ఎదురు తిరిగింది. తిలోనియా సంస్థ సుప్రీంకోర్టుకు వెళ్లింది. సంజిత్ రాయ్ వర్సెస్ స్టేట్ ఆఫ్ రాజస్థాన్ కేసులో 1983లో తీర్పు వచ్చింది: కరువు పని అయినా సరే, కనీస వేతనం కంటే తక్కువ ఇవ్వడం రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన వెట్టిచాకిరీ కిందికే వస్తుంది. ఆ రోజుల్లో తిలోనియాలో పనిచేసిన అరుణా రాయ్, బొమ్మలాట ఆడించిన శంకర్ సింగ్ తర్వాత 1990లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ పెట్టినవాళ్లలో ఉన్నారు. సమాచార హక్కు ఉద్యమానికి ఒక వేరు ఇక్కడే ఉంది.

నౌర్తీ పెద్దయ్యాక తిలోనియాలోనే అక్షరాలు నేర్చుకుంది, తర్వాత కంప్యూటర్ నేర్చుకుని ఇతరులకు నేర్పింది. 2010లో హర్మాడా సర్పంచ్‌గా గెలిచింది. మళ్లీ నిలబడే వీలు లేకుండా పోయింది. 2014 డిసెంబరులో రాజస్థాన్ ప్రభుత్వం తెచ్చిన ఆర్డినెన్స్ ప్రకారం సర్పంచ్ పదవికి ఎనిమిదో తరగతి పాసై ఉండాలి. ఆమె దగ్గర ఆ కాగితం లేదు.

నేను వెళ్లిన నెలలో ఊళ్లో ఆ చర్చే నడుస్తోంది. కొత్తగా వచ్చిన ప్రభుత్వం ఆ నిబంధన తీసేస్తామని డిసెంబరు చివర్లో ప్రకటించింది. వచ్చే ఏడాది పంచాయతీ ఎన్నికలు. టీ కొట్టు దగ్గర ఒక టీచరు గట్టిగానే వాదిస్తున్నాడు. చెక్కుల మీద సంతకం పెట్టేవాళ్లకు ఆ చెక్కులో ఏముందో తెలియకపోతే గ్రామ కార్యదర్శి ఆడించినట్టల్లా ఆడతారని. తీసిపారేయాల్సిన మాట కాదు. పక్కన బీడీ కాలుస్తున్న పెద్దాయన, "మాస్టర్‌జీ, ఎనిమిదో తరగతి పాసైన మా సర్పంచ్‌ని కార్యదర్శి ఇప్పుడు ఆడించడం లేదా? నౌర్తీబాయి ఉన్నప్పుడు లెక్కలు తనే కంప్యూటర్లో చూసుకునేది" అన్నాడు. టీచరు ఒప్పుకోలేదు. ఆవిడ ఒక్కతే వేరు, అందర్నీ అలా అనుకుంటే ఎలా అన్నాడు. పెద్దాయనా తగ్గలేదు. కిషన్‌గఢ్ జీపు హారన్ కొట్టేసరికి వాదన నరేగా (ఉపాధి హామీ) బిల్లుల దాకా వచ్చింది. ఫిబ్రవరిలో శాసనసభ ఆ నిబంధనను రద్దు చేసింది.